గట్టిగా కట్టెయ్

మేడమీది వాటా నుంచి

మావయ్యా,

అందరం క్షేమమే, నీ అల్లుడి కాలు తప్ప. ఆ సంగతి అమ్మ నీకు రాసే ఉంటుంది. బస్సు నడిపేవాడు బస్సు మీంచి పడ్డా పరువుగా ఉండేది. ఈయన మా ఇంటి మెట్ల మీద, కూరల సంచీతో, జారి పడ్డారు. మోకాలి దాకా పిండికట్టు. డాక్టరు కాలు కింద పెట్టొద్దన్నాడు. నోరు కూడా పెట్టొద్దంటే బాగుండేది. రోజంతా మంచం మీంచి నాకు డ్రైవింగు నేర్పుతున్నారు, వంటింట్లో.

అసలు సంగతికి వస్తాను. మా స్నానాలగదిలో గీజరు చచ్చిపోయింది. మొదట నీళ్ళు గోరువెచ్చగా వచ్చేవి. తరువాత ఏదో గరగరమని చప్పుడు చేసింది. ఇప్పుడు స్విచ్చి వేస్తే చాలు, ఫ్యూజు కొట్టేస్తోంది. పొయ్యి మీద నీళ్ళు కాచి మోసుకెళ్తున్నాను. నిన్న గడప తగిలి సగం నీళ్ళు పాదం మీద పోసుకున్నాను. బొబ్బ లేచింది. కంగారు పడకు, నడవగలుగుతున్నాను. కానీ చలి చూస్తే ముదురుతోంది, ఆయనకి కాచిన నీళ్ళు లేనిదే కుదరదు, నేను ఈ గిన్నె మోయలేను. ఇదీ నా కష్టం.

రిపేరు చేసే ఆయన ఒకడున్నాడు. ఎప్పుడడిగినా "రేపొస్తానమ్మా" అంటాడు. ఆయనకి రేపుగారని పేరు పెట్టేశాను. వేరేవాళ్ళని పిలుద్దామంటే ఈ వీధిలో ఎవరూ దొరకలేదు.

అందుకని, నువ్వు చెబితే నేనే బాగుచేస్తాను. నవ్వకు. దుకాణంలో రోజూ కళ్ళజోళ్ళ స్క్రూలు బిగిస్తున్నాను, ఆవగింజంత ఉంటాయి. గీజరు స్క్రూలు పెద్దవేగా, ఇంకా సులువు. చిన్నప్పుడు నువ్వు ఏది విప్పినా పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడింది ఎవరు? "సరిగ్గా పట్టుకోవే, వెలుగు నా చేతి మీద కాదు, స్క్రూ మీద" అని నువ్వు తిట్టిన తిట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఇంట్లో ఫోనుంది. నంబరు వెనకవైపు రాశాను. ఒక్కసారి చెయ్యి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. సరేలే, అదేం పెద్దది కాదు.

నీ టార్చిలైటు,
చిట్టి


పంపుహౌసు నుంచి

చిట్టితల్లికి,

ఉత్తరం అందింది. పాదానికి వెన్న రాయకు, చల్లటి నీళ్ళు పోసుకుని వదిలెయ్.

నువ్వు గీజరు ముట్టుకోవద్దు. ఇది మొదటి మాట. రేపుగారి కాళ్ళు పట్టుకో, గడ్డం పట్టుకో, పిలిపించు. కరెంటుకి చుట్టరికం తెలియదు. నీళ్ళు ఉన్నచోట అసలే తెలియదు.

ఇక రెండో మాట. వద్దంటే ఆగే పిల్లవి కాదని నాకు తెలుసు. నీకు తెలియకుండా మా రేడియో విప్పి, మూడు స్క్రూలు మిగిల్చి మూసేసిన దానివి. కాబట్టి చూడటం వరకు చూడు. చెయ్యి పెట్టడం తరువాత. ముందు మెయిన్ బోర్డులో ఫ్యూజు లాగి, ఆ ఫ్యూజు నీ కొంగున కట్టుకో. బోర్డులో ఉంచకు, బల్ల మీద పెట్టకు. అల్లుడు ఫ్యాను కోసం మళ్ళీ పెట్టేస్తాడు. కిందిమూత రెండు స్క్రూలు విప్పి, లోపల ఏది ఎలా ఉందో, ఏ రంగు తీగ ఎక్కడికి పోయిందో బొమ్మ వేసి పంపు. అంతే. మూత మళ్ళీ బిగించు.

ఒక ప్రశ్న. ఇన్నాళ్ళూ ఆ గదిలో కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేదా? చీమలు పాకినట్టు? నిజం చెప్పు.

ఫోనెందుకు? ఫోనులో మాట గాలికి పోతుంది. కాగితం మీదైతే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు. పైగా ఇక్కడ ఫోను మా ఇంజనీరు గదిలో ఉంటుంది. కొత్తగా వచ్చాడు, చువ్వలా ఉంటాడు, ఎవరు ఏం చేస్తున్నారా అని తిరుగుతుంటాడు. మనింటి గీజర్ల సంగతి ఆయనకెందుకు?

నా పంపులు బాగానే తిరుగుతున్నాయి. కొత్త ఆయిలు మహిమో ఏమో, ఈ మధ్య చప్పుడే తగ్గింది.

తొందరపడకు. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు.

మావయ్య


మేడమీది వాటా నుంచి

మావయ్యా,

నీ మీద నాకు కోపంగా ఉంది. ఎందుకో చివర చెబుతాను.

నువ్వు చెప్పినట్టే ఫ్యూజు లాగి కొంగున కట్టుకున్నాను. నువ్వన్నదే నిజమైంది, పావుగంట కాకముందే ఈయన మంచం మీంచి "ఫ్యాను ఆగిందే, ఫ్యూజు చూడు" అన్నారు. చలికాలంలో ఫ్యానెందుకండీ అంటే, దోమలకట. స్టూలెక్కి మూత విప్పాను. కరెంటు లేదని తెలుసు, ఫ్యూజు నా నడుం దగ్గర గుచ్చుకుంటూనే ఉంది, అయినా వేలు లోపల పెట్టబోతే వెనక్కొచ్చేసింది. ఒకసారి కాదు.

బొమ్మ ఇదే కాగితం మీద వేశాను. మధ్యలో గుండ్రటి ఇనపబిళ్ళ, దాని చుట్టూ బోల్టులు. దాంట్లోకే ఎర్రతీగ, నల్లతీగ పోయాయి. బిళ్ళ అంచున తుప్పు. ఇంకో ఆకుపచ్చ తీగ ఉంది. అది ఎక్కడికీ పోలేదు. ఊరికే వేలాడుతోంది, కొస మీద తుప్పు పట్టిన చిన్న రింగు. పక్కన గీజరు ఒంటికి ఒక స్క్రూ గుంట ఉంది, స్క్రూ లేదు. ఈ అనాథ తీగని ఏం చెయ్యాలి?

జిల్లుమంటుందా అని అడిగావు. చలికి అందరికీ జిల్లుమంటూనే ఉంటుంది మావయ్యా.

ఇప్పుడు కోపం సంగతి. మొన్న దుకాణం నుంచి మీ పంపుహౌసుకి ఫోను చేశాను. ఎవరో నిన్ను పిలిచారు. నువ్వొచ్చావు. "ఎవరూ? గట్టిగా చెప్పండి" అన్నావు. నేను మావయ్యా, మావయ్యా అని దుకాణమంతా వినపడేలా అరిచాను. కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన ముసలాయన కూడా తిరిగి చూశాడు. నువ్వు "ఇక్కడ పని ఉంది" అని పెట్టేశావు. నా గొంతు కూడా గుర్తుపట్టలేదా? లేక ఆ చువ్వ ఇంజనీరు పక్కనున్నాడా?

అమ్మకి మాత్రం ఇవేవీ రాయకు. పరుగెత్తుకొచ్చి మా ఇద్దరినీ మంచానికి కట్టేస్తుంది.

చిట్టి


పంపుహౌసు నుంచి

చిట్టీ,

ఆ రోజు లైను బాగాలేదు. గరగరమంటూ ఏమీ అర్థం కాలేదు. నువ్వని తెలిస్తే పెట్టేస్తానా? ఇక్కడికి ఫోను చెయ్యకు, ఇంకేమీ అడగకు.

బొమ్మ బాగుంది. గీజరు కన్నా బాగుంది. నీ జబ్బు తెలిసింది. లోపల నీళ్ళు కాచే కాయిల్ పగిలి ఉంటుంది. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ, కాయిల్ మీద పెంకు కట్టి, వేడికి చీలుతుంది. చీలిన చోట నుంచి కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. అందుకే ఫ్యూజు కొడుతోంది. రేపుగారి మీద నాకు ఆశ పోయింది. అల్లుడి స్నానం గిన్నె నువ్వు మోస్తున్నావన్న మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. రాస్తున్నాను, అక్షరం పొల్లుపోకుండా చెయ్యి.

ముందు మెయిన్ కట్టెయ్, ఫ్యూజు కొంగున కట్టుకో. టెస్టరు పెట్టి చూడు, దీపం వెలగకూడదు. వెలిగే చోట ఒకసారి పెట్టి, టెస్టరు బతికుందో లేదో ముందే చూసుకో. చల్లనీళ్ళు వచ్చే వాల్వు కట్టెయ్. వేడినీళ్ళ కుళాయి తిప్పి ఉంచు. కింద బకెట్టు పెట్టి నీళ్ళన్నీ ఖాళీ చెయ్, తొందరలేదు. ఎర్ర, నల్ల తీగలు విప్పే ముందు ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకో. బోల్టులు విప్పి బిళ్ళ లాగితే కాయిల్ దానితోనే వస్తుంది. పాతది చేత్తో పట్టుకెళ్ళి అచ్చం అలాంటిదే తీసుకురా. కొత్త రబ్బరు వాషరు అడుగు, పాతది వాడకు. బిగించేటప్పుడు ఒక బోల్టు ఒక్కసారే బిగించేయకు. ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా బిగించు. ఆకుపచ్చ తీగ అడిగావు. దాన్ని అలా వేలాడనివ్వకూడదు. గట్టిగా కట్టెయ్. అది అన్నిటికన్నా ముఖ్యం, మరిచిపోకు. తరువాత నీళ్ళు నింపు. కుళాయిలో ధార నిండుగా వచ్చేదాకా స్విచ్చి వెయ్యకు, ఖాళీ గీజరులో కాయిల్ మాడిపోతుంది.

అయిపోయాక రాయి. అయ్యేదాకా నేను ఇక్కడ నిప్పుల మీద ఉన్నట్టే. నీ కన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది.

మావయ్య


మేడమీది వాటా నుంచి

మావయ్యా!

వేడినీళ్ళు వచ్చాయి!

మొదటి నుంచి చెప్పనీ. ఆదివారం పొద్దున ఈయన్ని కుర్చీలో స్నానాలగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను, నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. ఒక్కో మాటా గట్టిగా చదవడం ఆయన పని. "మెయిన్ కట్టెయ్." కట్టేశాను. "వాల్వు కట్టెయ్." కట్టేశాను. ఆయనకి భలే సరదాగా ఉంది, కండక్టరులాగా విజిలొక్కటే తక్కువ. నీళ్ళు పోతున్నాయి, పోతున్నాయి, బకెట్టు మీద బకెట్టు. బిళ్ళ మాత్రం ఎంతకీ రాలేదు. పీకితే ఒక్కసారిగా ఊడి, సున్నం పెంకులు, బురద, మిగిలిన నీళ్ళు అన్నీ నా నెత్తి మీద. నేను కెవ్వుమన్నాను. ఆయన ఒంటికాలి మీద లేచి నిలబడ్డారు. నా గుండె అప్పుడు ఆగిందంటే నమ్ము, గీజరు వల్ల కాదు, ఆ కాలు వల్ల.

కాయిల్ నువ్వు చెప్పినట్టే, పొడుగునా చీలిపోయి ఉంది. కరెంటు సామాన్ల కొట్లో అతను దాన్ని చూసి "ఇన్నాళ్ళూ దీంతో స్నానం చేశారా?" అన్నాడు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఎందుకో నీకు ఇంకోసారి చెబుతాను.

కొత్తది పెట్టాను. ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా బిగించాను. ఎర్రది ఎర్రదాని చోట, నల్లది నల్లదాని చోట. "ఆకుపచ్చ తీగ గట్టిగా కట్టెయ్, అన్నిటికన్నా ముఖ్యం" అని ఈయన రెండుసార్లు చదివారు. గట్టిగా కట్టేశాను మావయ్యా, దానికి ఇంక ఊపిరాడదు. నీళ్ళు నింపాను. స్విచ్చి వేసే ముందు ఈయన్ని మంచం మీదికి పంపి, రబ్బరు చెప్పులు వేసుకుని, చీపురుకట్టతో స్విచ్చి నొక్కాను. నవ్వుకో.

ఆయన స్నానం చేసి "ఈ ఇంట్లో నాకు మంచి మెకానిక్కు దొరికింది" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట విన్న మెచ్చుకోలు ఇదొకటే, దీనికి చట్రం కట్టించాలి.

చిట్టి


పంపుహౌసు నుంచి

చిట్టితల్లికి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను. ఇక్కడి వాళ్ళకి కూడా చెప్పాను, మా మేనకోడలు గీజరు విప్పి కట్టిందని. నమ్మలేదు. వాళ్ళ ఖర్మ.

ఆకుపచ్చ తీగ కట్టానన్నావు, అది విన్నాక నాకు నిద్ర పట్టింది. మిగతావి ఎలా ఉన్నా అదొక్కటి ఉంటే మనిషికి ప్రాణగండం తప్పుతుంది. రెండు మూడు రోజులు వాషరు దగ్గర చెమ్మ ఉందేమో చూస్తూ ఉండు.

ఏదో ఇంకోసారి చెబుతానన్నావు. నీ కాళ్ళెందుకు చల్లబడ్డాయి? దాచుకుంటే ఊరుకునేవాణ్ణి కాదు.

ఇక్కడ నాకు గర్వం వచ్చిందని అంటున్నారు. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదట. పనిలో పడితే అంతేగా. ఇంజనీరు నిన్న నా పంపు దగ్గరే నిలబడి చాలాసేపు నన్నే చూశాడు. పంపు ఒంటి మీద చెయ్యి వేసి ఎందుకు నిలబడతావని సైగ చేశాడు. పాత అలవాటని చెప్పాను. నాకు ఈ పంపులు తప్ప ఇంకేం తెలుసు?

మావయ్య


మేడమీది వాటా నుంచి

మావయ్యా,

నిజం చెప్పమన్నావు కదా, చెప్పేస్తాను. తిట్టడానికి ఇప్పుడేమీ లేదు, గడిచిపోయింది.

పాత కాయిల్ ఉన్నప్పుడు కుళాయి ముట్టుకుంటే నిజంగానే జిల్లుమనేది. చీమలు పాకినట్టే. నువ్వడిగినప్పుడు చలి మీదికి తోసేశాను. అవునంటే నువ్వు విప్పనిచ్చేవాడివి కాదు. సామాన్ల కొట్లో ఆ మాట విన్నాక తెలిసింది, మేమిద్దరం రోజూ దేనితో ఆడుకున్నామో. అందుకే కాళ్ళు చల్లబడ్డాయి. కొత్తది పెట్టాక అది పోయింది.

పోయిందనే అనుకుంటున్నాను. మొన్న ఈయన "కుళాయి తిప్పితే వేలు చురుక్కుమంది" అన్నారు. నేను తడి చేత్తో పట్టుకుని చూశాను, ఏమీ లేదు. మళ్ళీ నిన్న ఆయనే అన్నారు. కట్టు దురద పెట్టి ఆయనకి ఒళ్ళంతా ఏదో ఒకటి అనిపిస్తూనే ఉంది. అయినా నాకు మనసు మనసులో లేదు. స్నానానికి వెళ్ళినప్పుడల్లా గుమ్మం దగ్గరే నిలబడి, నీళ్ళ చప్పుడు ఆగితే "ఏమండీ" అని పిలుస్తున్నాను. ఆయనకి విసుగొస్తోంది.

చెమ్మ గురించి అడిగావు. ఉంది. వాషరు దగ్గర ఒక్కో చుక్కా కారుతోంది. మూత మీంచి కిందికి జారుతోంది, గిన్నె పెట్టాను. మూత విప్పి చుట్టూ టేపు వేద్దామనుకుంటే ఇంట్లో టేపు లేదు. రోలంతా ఆ ఆకుపచ్చదానికే అయిపోయింది. గట్టిగా కట్టెయ్ అన్నావని కొస మీద చుట్టి, మడిచి, మళ్ళీ చుట్టి, బొటనవేలంత లావు చేసి మూలకి తోసేశాను. రేపు కొత్త టేపు కొనుక్కొస్తాను.

నువ్వెలా ఉన్నావు? నీ ఉత్తరాల్లో నీ సంగతి చెప్పవు. పంపు మీద చెయ్యి వేసి నిలబడటం ఏమిటి? చిన్నప్పుడు నాకు నువ్వు వినడం నేర్పావు, "చెవి పెట్టు, తిరిగేది బాగుందో లేదో అదే చెబుతుంది" అని.

చిట్టి


పంపుహౌసు నుంచి

చిట్టీ,

ఈ ఉత్తరం నీకు అందుతుందో లేదో, అందేసరికి మీరిద్దరూ ఎలా ఉంటారో తెలియదు. చేతులు ఊరుకోవడం లేదు కనుక రాస్తున్నాను.

టేపు అన్న మాట దగ్గర సంగతి తెలిసింది. తప్పు నాదే తల్లీ. ఆకుపచ్చ తీగ కట్టెయ్ అంటే గీజరు ఒంటికి కట్టమని. తాడు గుంజకి కట్టినట్టు, ఆ స్క్రూ గుంటలో కొత్త స్క్రూ వేసి, దానికి. మెయిన్ కట్టెయ్, వాల్వు కట్టెయ్ అని పైనుంచి రాసుకుంటూ వచ్చి, అదే నోటితో ఇదీ రాశాను. మనింట్లో ఫ్యాను కట్టెయ్, రేడియో కట్టెయ్, కుళాయి కట్టెయ్ అంటే ఆపమనీ, మూసెయ్యమనీ కదా. నువ్వు దాన్నీ అలాగే మూసేశావు. కట్టేశానని నువ్వు రాశావు, కట్టావని నేను నిద్రపోయాను. గీజరు ఒంట్లోకి కరెంటు దిగితే భూమిలోకి పంపేది ఆ తీగొక్కటే. దాన్ని మూసేస్తే కరెంటు మనిషి కోసం చూస్తూ కూర్చుంటుంది. పైగా చుక్క కారుతోందన్నావు, సరిగ్గా ఎర్రతీగ ఉన్నచోటికి. అల్లుడి వేలు చురుక్కుమనడం దురద కాదు.

ఉత్తరం చదవగానే ఇంజనీరు గదిలోకి దూసుకెళ్ళాను. ఆయన లేడు. నీ నంబరుకి ఫోను చేశాను. అవతల ఎవరైనా ఎత్తారో లేదో నాకు తెలియదు.

నాకు వినపడదు చిట్టీ.

చాలా రోజులైంది. ముందు కుడి చెవి, తరువాత ఎడమది. ఇన్నేళ్ళ పంపుల హోరు ఊరికే పోతుందా? ఎవరికీ చెప్పలేదు. పంపు దగ్గర మనిషికి చెవే పని. బేరింగు మూలుగు వినలేనివాణ్ణి అక్కడెవరు ఉంచుతారు? ఒంటి మీద చెయ్యి పెట్టి అదురు చూసి నెట్టుకొస్తున్నాను. నీ ఫోను వచ్చిన రోజు నువ్వని నాకు తెలియదు. లైను బాగాలేదన్నది అబద్ధం.

ఫోను చెవికి పెట్టుకుని, కాస్త ఆగి, చెప్పడం మొదలుపెట్టాను. అవతల నువ్వున్నావో, కుట్టుపనావిడ ఉందో, గంట మోగుతూనే ఉందో. చెప్పిందే చెప్పాను, ఎన్నిసార్లో. ఎవరో భుజం పట్టుకుంటే తిరిగాను. ఇంజనీరు. నా అరుపులకి పంపుహౌసంతా గుమ్మంలో ఉంది. ఆయన ఫోను తీసుకుని విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. కాగితం మీద రాసి చూపించాడు: అవతల ఎవరూ లేరు. మళ్ళీ చేస్తే లైను కలవడం లేదట, ఫోను కింద పెట్టలేదట. ఇప్పటికీ ఆయనే చేస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ఆయన మొహం చూస్తూ ఇది రాస్తున్నాను.

ఇక నా సంగతి అందరికీ తెలిసింది. తెలియనీ. నాకిప్పుడు ఒక్కటే కావాలి. రేపు పొద్దుటికల్లా నీ కబురు తెలియకపోతే మొదటి బండికి వస్తున్నాను. ఆ గదిలోకి వెళ్ళొద్దు. వెళ్ళొద్దు తల్లీ.

మావయ్య


మేడమీది వాటా నుంచి

మావయ్యా,

టెలిగ్రాం ఈపాటికి అంది ఉంటుంది. "ఫ్యూజు నా కొంగున ఉంది, ఇద్దరం బాగున్నాం" అంటే పోస్టాఫీసులో ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. చదువుతుంటే కళ్ళజోళ్ళమ్మే దానికి కూడా అక్షరాలు కనబడలేదు.

ఆ రోజు ఏం జరిగిందో విను. కాదు, చదువు.

ఈయన్ని స్నానానికి కూర్చోబెట్టాను. ఇనపస్టూలు, కట్టుకి ప్లాస్టిక్ సంచీ. చెంబుతో నీళ్ళు పోసి, సబ్బు ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డాను. కింద నుంచి కుట్టుపనావిడ కేక. "ఫోనమ్మా! మీ మావయ్యనుకుంటా, ఏదో అరుస్తున్నాడు, నా మాటకి జవాబివ్వడం లేదు." ఈయనతో "నేనొచ్చేదాకా కుళాయి తిప్పకండి" అని దిగాను. ఎందుకు అలా అన్నానో తెలియదు. భయం అలా అనిపించింది.

ఫోను తీసి మావయ్యా అన్నాను. "ఆకుపచ్చ తీగ చుట్టమనలేదు, గీజరు ఒంటికి కలపమన్నాను. మెయిన్ తీసెయ్. కుళాయి ముట్టుకోవద్దు" అన్నావు. సరే మావయ్యా, ఏమైంది అన్నాను. నువ్వు మళ్ళీ అదే. మావయ్యా, నేను చిట్టిని, వింటున్నాను అన్నాను. మళ్ళీ అదే. నా మాట మీద నీ మాట పడిపోతోంది, ఎక్కడా ఆగడం లేదు, గొంతు పగిలిపోతోంది. ఒక్క క్షణం కోపం వచ్చింది, ఎందుకు జవాబివ్వవని. ఆ వెంటనే తెలిసిపోయింది. పంపు మీద చెయ్యి, పలకని గర్వం, "గట్టిగా చెప్పండి", అన్నీ ఒక్కసారే తెలిసిపోయాయి. ఫోను అక్కడే పడేసి పరుగెత్తాను. అందుకే నీకు లైను కలవలేదు.

మెట్ల మీద ఉండగానే ఈయన గొంతు, "సబ్బు కళ్ళలో పడింది, ఎక్కడున్నావ్, నేను తిప్పుకుంటున్నా." ముట్టుకోవద్దని అరిచాను. నా గొంతు కూడా నీ గొంతులాగే పగిలింది. స్నానాలగదికి పోలేదు, బోర్డు దగ్గరికే పోయాను, ఫ్యూజు లాగి పారేశాను. తరువాత వెళ్ళి చూస్తే చెయ్యి కుళాయికి జానెడు దూరంలో ఆగి ఉంది. కళ్ళు మూసుకుని, మొహమంతా నురగతో, "ఏమైంది? ఎవరైనా పోయారా?" అన్నారు. లేదండీ అని అక్కడే తడినేల మీద కూలబడి ఏడ్చాను. చన్నీళ్ళతోనే కళ్ళు కడిగాను. ఆయనకి జ్వరం రాలేదు, తిట్లు మాత్రం వచ్చాయి.

మర్నాడు, ఆశ్చర్యపోకు, రేపుగారు వచ్చారు. కుట్టుపనావిడే ఆయనింటికి వెళ్ళి గుమ్మంలో కూర్చుందట, వచ్చేదాకా లేవనని. మమ్మల్ని బయట నిలబెట్టి, ఫ్యూజు పెట్టి, టెస్టరు గీజరు ఒంటికి ఆనించాడు. ఎర్రగా వెలిగింది. మళ్ళీ ఫ్యూజు లాగి, వాషరు మార్చి, కొత్త స్క్రూ వేసి, నా బొటనవేలంత టేపు విప్పడానికి చాలా తిప్పలు పడి, ఆకుపచ్చ తీగ గీజరు ఒంటికి కట్టాడు. తాడు గుంజకి కట్టినట్టు. ఇంట్లో తీగలన్నీ ఒకసారి చూడాలన్నాడు. ఎప్పుడొస్తారంటే ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

నేను టార్చిలైటు పట్టుకున్నాను. వెలుగు స్క్రూ మీదే.

తప్పు నీదే అని రాశావు. కాదు. జిల్లుమంటోందని మొదటే చెప్పి ఉంటే నువ్వు విప్పనిచ్చేవాడివి కాదు, రేపుగారి గుమ్మంలో నేనే కూర్చునేదాన్ని. నువ్వు చెవుల సంగతి దాచావు, నేను చేతి సంగతి దాచాను. ఇద్దరం టేపు చుట్టుకుని కూర్చున్నాం.

నీ ఉద్యోగం సంగతి తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. పంపుల దగ్గర్నుంచి తీసేసి సామాన్ల గదిలో వేస్తారేమో. ఇన్నాళ్ళు కాపాడుకున్నదాన్ని ఒక్క ఫోనుకి పోగొట్టుకున్నావు. మా దుకాణానికి ఎదురుగానే చెవి యంత్రాలమ్మే కొట్టుంది. నువ్వు వద్దంటావని తెలుసు, అందుకే అడగడం లేదు. కట్టు విప్పగానే మేమిద్దరం వచ్చి లాక్కెళ్తాం.

అప్పటిదాకా ఒక్క పని చెయ్యి. ఆదివారం పొద్దున కిందింటికి ఫోను చెయ్యి. నీకు తోచింది చెప్పు, పంపుల గురించైనా, చువ్వ ఇంజనీరు గురించైనా. జవాబు నేను ఉత్తరంలో రాస్తాను. నేను వింటున్నానో లేదో ఎలా తెలుస్తుందంటావేమో. ఆ రోజు మాత్రం తెలిసే చెప్పావా? అలాగే చెప్పు మావయ్యా. నేను ఉంటాను.

నీ టార్చిలైటు,
చిట్టి